బరంపురం నుంచి కోల్‌కతాకు: మంచి డిమ్ సమ్ దొరికే చోటు ఎలా పట్టుకోవాలి

బరంపురంలో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి దిగే నగరాల్లో, చైనా కుటుంబాలు తరతరాలుగా కాపురముండి తమ వంట తాము వండుకుంటున్నది కోల్‌కతా ఒక్కటే. వైద్యానికో, వ్యాపారానికో, పిల్లల చదువుకో మన గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళు అక్కడికి వెళుతూనే ఉంటారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది ఫోన్‌లో ‘చైనీస్ రెస్టారెంట్’ అని కొట్టి, ఎక్కువ స్టార్లున్న చోట కూర్చుని, చిల్లీ చికెన్‌తో పాటు ఒక ప్లేటు డిమ్ సమ్ కూడా తెప్పించుకుని, మన మోమోలాగే ఉందే అనుకుని లేస్తారు. ఆ ప్లేటులో వచ్చింది చాలాసార్లు నిజంగానే మోమో. డిమ్ సమ్ బాగా చేసే చోటును స్టార్లు పట్టివ్వవు. పై పొర ఎలా ఉంది, అవి ఉడికే వెదురు బుట్ట ఎంతసేపు ఆవిరి మీద ఉంది, మీరు ఏ వేళకు వెళ్ళారు అన్నవి పట్టిస్తాయి.

మోమో టిబెట్, నేపాల్ వాళ్ళది. మైదా పిండి, కాస్త మందపు పొర, లోపల మాంసమో క్యాబేజీయో, పక్కన మండే ఎర్ర చట్నీ. డిమ్ సమ్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, హాంకాంగ్ వాళ్ళది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా టీ తాగుతూ కొంచెం కొంచెంగా తినే పదార్థాలన్నీ అందులోకి వస్తాయి. ఆవిరి మీద ఉడికేవే కాకుండా నూనెలో వేగేవి, ఓవెన్‌లో కాలేవి, పెనం మీద కాల్చేవి కూడా ఉంటాయి. రొయ్యల ముద్దకు గోధుమ స్టార్చ్ పొర, పంది మాంసపు ముద్దకు గుడ్డు కలిపిన మైదా పొర, చుట్టలకు బియ్యప్పిండి రేకు, బన్నుకు పులిసిన పిండి. ఇన్ని రకాల పిండి రోజూ తయారు చేసుకోవాలంటే దానికని వేరే చెయ్యి తిరిగిన వంటవాడు కావాలి. నూడుల్స్ వేపేవాడికి ఆ పని అప్పగించిన చోట డిమ్ సమ్ బాగుండదు.

మంచి మోమో రుచి ముందు తెలిసి ఉంటే, కోల్‌కతాలో ప్లేటులోకి ఏది వచ్చిందో వెంటనే తెలుస్తుంది. దానికి మన దగ్గర చంద్రగిరి ఉంది. గజపతి జిల్లాలోని ఆ ప్రాంతంలో టిబెటన్ల ఊళ్ళు 1963 నుంచి ఉన్నాయి. అక్కడి జిరాంగ్‌లో ఉన్న బౌద్ధ మఠం పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి ఘాటీ మీదుగా వెళ్ళే దారి పర్లాకిమిడి వాళ్ళకూ మనకూ తెలిసిందే. మంచి మోమోను చేత్తో విడదీస్తే మడతలు కలిసే ముడి దగ్గర కూడా పచ్చి పిండి ఉండకూడదు, లోపలి నుంచి రసం కారాలి. ముడి తెల్లగా, గట్టిగా మిగిలిందంటే పొరను అంచుల్లో పల్చగా, మధ్యలో మందంగా ఒత్తలేదని అర్థం. లోపల పొడిపొడిగా ఉందంటే మాంసంలో కొవ్వు లేదు, లేదా ఉల్లిపాయ తక్కువ పడింది. చలికాలంలో అక్కడివాళ్ళు చాలామంది స్వెటర్ల వ్యాపారానికి ఊళ్ళు పడతారు కాబట్టి, ఆ నెలల్లో వెళ్ళేముందు ఏ దుకాణాలు తీసి ఉన్నాయో కనుక్కోండి.

కోల్‌కతా: ఏ పేటలో ఏమిటి

చైనా టౌన్ అంటే అక్కడ రెండున్నాయి. రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువ మంది దారి తప్పుతారు.

మొదటిది టిరెట్టా బజార్. లాల్‌బజార్ పోలీసు కార్యాలయానికి, పొద్దార్ కోర్టు అనే భవనానికి దగ్గరలో, రవీంద్ర సరణి పక్క సందుల్లో ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన ఎడ్వర్డ్ టిరెట్టా పేరు మీద ఆ బజారు వెలిసింది. బెంగాల్‌కు వచ్చి స్థిరపడ్డ మొదటి చైనీయుడుగా చెప్పే అచ్యూ 1780 ప్రాంతంలో బడ్జ్ బడ్జ్ దగ్గర చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరు ఇప్పటికీ అచీపూర్. తర్వాత వచ్చినవాళ్ళలో కాంటన్ వాళ్ళు, అంటే గ్వాంగ్‌డాంగ్ వైపు వాళ్ళు వడ్రంగంలో, హక్కా అనే మరో చైనా వర్గం వాళ్ళు చెప్పులూ తోళ్ళ పనిలో, హూబే రాష్ట్రం వాళ్ళు పళ్ళ వైద్యంలో కుదురుకున్నారు. డిమ్ సమ్ కాంటన్ వాళ్ళ సొత్తు కాబట్టి, దాని వేళ్ళు ఈ పాత పేటలోనే ఉన్నాయి. 1905 నాటి సీ ఇప్ గుడి, టూంగ్ ఆన్ గుడి ఈ సందుల్లోనే. టూంగ్ ఆన్ కింది అంతస్తులో 1920లలో మొదలైన నాన్‌కింగ్ హోటల్ ఒకప్పుడు నగరమంతటా పేరు మోసింది.

రెండోది టాంగ్రా, తూర్పు వైపు. అది హక్కా వాళ్ళ తోళ్ళ కర్మాగారాల పేట. కాలుష్యం కారణంగా వాటిని బంతలాకు తరలించమని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించాక, తోళ్ళ షెడ్లు ఉన్నచోట హోటళ్ళు ఎక్కువయ్యాయి. టాంగ్రాలో చిల్లీ చికెన్, వెల్లుల్లి రొయ్యలు, హక్కా నూడుల్స్ చాలా బాగుంటాయి, వాటి కోసం తప్పక వెళ్ళాలి. చైనీయులు నడిపే కాళీ గుడిలో నూడుల్స్ నైవేద్యం పెడతారు, అదీ చూడవచ్చు. కానీ బుట్టల్లో వచ్చే డిమ్ సమ్ కోసమే టాంగ్రా దాకా టాక్సీ కట్టించుకోవడం దండగ. అక్కడ మెనూలో ఉండే డంప్లింగ్‌లు, వాంటన్‌లు భోజనానికి ముందు తినే చిరుతిండి లెక్కలో ఉంటాయి. ఆవిరి బుట్టల వంట ఆ పేటకు ప్రధానం కాదు.

ఇంకో సంగతి కూడా తెలిసుండాలి. 1962 యుద్ధం తర్వాత వేలమంది చైనా సంతతి వాళ్ళను రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. తిరిగొచ్చినవాళ్ళలో చాలా కుటుంబాలు కెనడాకు, ఇతర దేశాలకు వలసపోయాయి. టిరెట్టా బజార్‌లో ఇవాళ మిగిలిన పొద్దుటి అంగళ్ళు అంత తగ్గిన జనాభా నిలబెట్టుకొస్తున్నవి. అందుకే వాటిని పెద్ద హోటళ్ళతో పోల్చి తక్కువ చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఇక్కడి గొప్పతనం ఇంట్లో చేసుకునే తీరులో చేసిన పొద్దుటి ఫలహారంలో ఉంది.

టిరెట్టా బజార్‌లో పొద్దున్న

ఆదివారం వెళ్ళండి. మిగతా రోజుల్లోనూ కొందరు అమ్ముతారు గాని, రకాలు తక్కువ. అమ్మకం ఆరు గంటల ప్రాంతంలో మొదలై ఎనిమిది, ఎనిమిదిన్నరకు అయిపోతుంది. తొమ్మిదికి వెళ్తే కూరగాయలు, చేపలు మాత్రమే కనిపిస్తాయి. ఆరున్నరకు అక్కడ ఉండేలా చూసుకోండి. అంటే శనివారం రాత్రి బరంపురంలో ఎక్కి, ఆదివారం తెల్లవారుజామున దిగే బండి కావాలి. టికెట్టు తీసేటప్పుడు ఆ బండి హౌరాకు పోతుందా, షాలిమార్‌కు పోతుందా అన్నది చూసుకోండి. కోరమాండల్ ఇప్పుడు షాలిమార్ దాకానే. హౌరాలో దిగితే వంతెన దాటగానే బజారు రెండు మూడు కిలోమీటర్లే. షాలిమార్ నుంచి దూరం ఎక్కువ, అంత పొద్దున్న టాక్సీ బేరం కూడా ఎక్కువ. నది కింద నుంచి వెళ్ళే మెట్రో 2024 మార్చిలో మొదలైంది. హౌరా తర్వాతి స్టేషన్ మహాకరణ్, అక్కడి నుంచి పావుగంట నడక. కానీ ఆదివారం తెల్లవారుజామున అది అందదు. పగటి పూట ఆ పేట చూడటానికి వెళ్ళేవాళ్ళకే పనికొస్తుంది.

చిల్లర తీసుకెళ్ళండి, కూర్చునే చోటు ఉండదు, నిలబడే తినాలి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి, చెంచా ఒకటి ఉంటే మేలు. ముందు బజారు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి, ఎవరి దగ్గర ఏముందో చూడండి. మొదట కనపడ్డ బండి దగ్గరే కడుపు నింపుకోవద్దు. మోమో అమ్మే బండ్లు ఇప్పుడు అక్కడ చాలా పెరిగాయి, వాటి కోసమైతే అంతదూరం రానక్కర్లేదు. పంది మాంసం పెట్టిన బన్ను, సియూ మై అనే పైన మూయని మాంసపు ముద్ద, చేప ఉండల పులుసు, సాసేజ్, ఆకులో చుట్టిన జిగురు బియ్యపు ముద్ద – వీటిని వెతకండి.

ఏ బండి మంచిదో చెప్పేది గిన్నె మూత. మూత మూసి, అడిగినప్పుడే తీసి, మళ్ళీ మూసే దగ్గర తినండి. మూత తీసి అందరికీ కనపడేలా పేర్చి పెట్టుకున్న చోట పొర ఆరి అంచులు గట్టిపడి ఉంటాయి. గిన్నె అడుగున నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినపడాలి, కేవలం వేడిగా ఉంచితే చాలదు. చేప ఉండను కొరికితే పళ్ళ కింద సాగి విరగాలి. చేప మాంసాన్ని ఉప్పుతో బాగా దంచితే వచ్చే గుణం అది. పిండిముద్దలా చితికిపోతే అందులో చేప కంటే స్టార్చ్ ఎక్కువ. పులుసు తేటగా ఉండాలి, మిరియాల ఘాటు మాత్రమే పైకి తెలియాలి.

కూర్చుని తినే హోటలును వడగట్టడం

టిరెట్టా బజార్ దొరకని రోజున, ఇంట్లో పెద్దవాళ్ళో పిల్లలో వెంట ఉన్నప్పుడు, ఏసీ హోటలే దారి. పార్క్ స్ట్రీట్, బాలిగంజ్, సాల్ట్ లేక్, న్యూ టౌన్, పెద్ద మాల్స్, స్టార్ హోటళ్ళు అన్నింట్లోనూ డిమ్ సమ్ అని బోర్డు ఉంటుంది. వడగట్టే పని ఇంటి దగ్గరే, బండి ఎక్కకముందే చేసుకోవచ్చు.

ఫోన్‌లో వెతికేటప్పుడు ‘చైనీస్’ అని కాకుండా హార్ గావ్ (రొయ్యల ముద్ద), చోంగ్ ఫన్, సియూ మై అని కొట్టండి. ఆ పేర్లు తెలిసి రాసిన రివ్యూలే మీకు పనికొస్తాయి. తర్వాత ఫోటోలు చూడండి. హోటలు వాళ్ళు పెట్టినవి వదిలేసి, తిన్నవాళ్ళు గత రెండు మూడు నెలల్లో పెట్టినవి మాత్రమే. మెనూ ఫోటోలో ‘చికెన్ డిమ్ సమ్, ప్రాన్ డిమ్ సమ్, వెజ్ డిమ్ సమ్’ అని మాంసం పేరు మార్చి ఒకే వరస ఉంటే, ఒకే పొరలో మూడు కూరలు పెడుతున్నారని గుర్తు. ప్రతి రకానికీ వేరే పేరు, వేరే ఆకారం ఉన్న మెనూ కావాలి. బియ్యప్పిండి చుట్టలు, అంటే చోంగ్ ఫన్, మెనూలో ఉందా లేదా అన్నది నేను అన్నిటికంటే ముందు చూసే సంగతి. దాన్ని గడ్డకట్టించి నిలవ చెయ్యడం కష్టం, అప్పటికప్పుడు గుడ్డ మీదో పళ్ళెంలోనో జావ పోసి ఆవిరి పట్టి చుట్టాలి. అది రోజూ చేసే వంటింట్లో చెయ్యి తిరిగినవాడు ఉన్నాడన్నమాట.

తర్వాత ఫోన్ చెయ్యండి. అడగాల్సినవి నాలుగు. డిమ్ సమ్ ఇక్కడే చేస్తారా, ప్యాకెట్లు తెస్తారా? డిమ్ సమ్ వంటాయన ఏ వేళల్లో ఉంటాడు? హార్ గావ్ లోపల పంది కొవ్వు వేస్తారా? శాకాహారానికి వేరే బుట్టలు, వేరే గిన్నె ఉన్నాయా? మొదటి ప్రశ్నకు అందరూ ఇక్కడే చేస్తామంటారు. రెండోదానికి తడబాటు లేకుండా జవాబొస్తే మొదటిది నిజమని నమ్మవచ్చు. చాలాచోట్ల ఆయన మధ్యాహ్నం వేళ ఉండి, రాత్రికి ముందే ముడిచి పెట్టినవి ఆవిరి పట్టిస్తారు. అందుకే డిమ్ సమ్ రాత్రి భోజనానికి పెట్టుకోవద్దు. హోటలు తలుపు తీసిన మొదటి గంటలో, ఆదివారమైతే పన్నెండు గంటల లోపే వెళ్ళి కూర్చోండి.

బుట్ట వచ్చాక ఏం చూడాలి

కొత్త చోట మొదట అన్నీ తెప్పించవద్దు. హార్ గావ్ ఒక బుట్ట, సియూ మై ఒకటి, బావ్ అనే బన్ను ఒకటి చాలు. ఈ మూడూ మూడు వేర్వేరు పిండి పనులు. మూడింట్లో రెండు బాగుంటే మిగతావి చెప్పండి. మూడూ బాగాలేకపోతే నూడుల్స్ తినేసి లేవండి.

హార్ గావ్ రొయ్యల ముద్ద. పొరలో మైదా ఉండదు. జిగురు తీసేసిన గోధుమ స్టార్చ్‌లో కర్రపెండలం పిండి కొంత కలిపి, సలసల మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోసి కలుపుతారు. నీళ్ళు మరగకపోతే పిండి సరిగ్గా కలవదు, ఒత్తితే చిట్లుతుంది. ఉడికాక పొర అద్దంలా మారి లోపలి రొయ్య గులాబీ రంగు బయటికి కనపడాలి. ఒక వైపు మడతలు కనీసం ఏడు ఉండాలని, పది దాటితే నేర్పరి చెయ్యి అని అంటారు. ఐదారు నిమిషాలు గట్టి ఆవిరి చాలు. బుట్ట మూత తీసినప్పుడు పొర ఇంకా తెల్లగా, మసకగా ఉంటే ఉడకలేదు. చాప్‌స్టిక్‌తో ఎత్తగానే కింద కాగితానికి అంటుకుని చిరిగిందంటే ఎక్కువసేపు ఆవిరి మీదే ఉంచేశారు, లేదా కాగితానికి నూనె రాయలేదు. తెచ్చి పెట్టాక మీరు మాట్లాడుతూ కూర్చుంటే మాత్రం తప్పు హోటలుది కాదు. చల్లబడితే ఈ పొర గట్టిపడి రబ్బరవుతుంది. పొగలు పోయేలోపే తినెయ్యాలి. ఇడ్లీ పాత్ర మూత తీసిన వెంటనే తినే ఇడ్లీకీ, గంట తర్వాత తినే ఇడ్లీకీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

రొయ్య విషయంలో మన నాలుకను ఎవరూ మోసం చెయ్యలేరు. చిలికా, గోపాల్‌పూర్ రొయ్యలు తిని పెరిగినవాళ్ళం. హార్ గావ్‌లో రొయ్య ముక్కలు ముక్కలుగా తగలాలి, కొరికితే పెళుసుగా విరగాలి. ఆ పెళుసుదనం కోసం ఉప్పు, స్టార్చ్ వేసి పిసికి, చల్లటి నీళ్ళ ధార కింద బాగా కడిగి, తడి పూర్తిగా ఒత్తి తీస్తారు. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. సోడా ఎక్కువైతే రొయ్య రబ్బరు బంతిలా ఎగురుతుంది, రుచి ఉండదు, సబ్బు వాసన తగులుతుంది. మెత్తగా పేస్టులా ఉంటే మిక్సీలో వేసేశారు, లేదా మంచు కరిగిన పాత సరుకు. అసలు పద్ధతిలో సన్నగా తరిగిన వెదురు కొమ్ము ముక్కలు, పంది కొవ్వు తునకలు ఉంటాయి. కరడి అనే వెదురు కొమ్ముల కూర మన కొండ ఊళ్ళలో తినే వాళ్ళకు ఆ వెదురు వాసన కొత్త కాదు.

సియూ మై పైన మూత లేని బుట్ట ఆకారం. కాంటన్ పద్ధతిలో కత్తితో తరిగిన పంది మాంసం, రొయ్య. మాంసాన్ని ఒకే దిశలో కలుపుతూ పోతే జిగురు పుట్టి, ఉడికాక ముద్ద కదలకుండా నిలుస్తుంది. ఏడెనిమిది నిమిషాల ఆవిరి. కొరికినప్పుడు పొర ఒకవైపు, ముద్ద ఒకవైపు విడిపోతే సరిగ్గా కలపలేదు. పైభాగం ఎండి నల్లబడితే ముందే చేసి ఉంచినది. కోల్‌కతాలో చాలా హోటళ్ళు చికెన్‌తో చేస్తాయి, అందులో తప్పేమీ లేదు, కానీ రొమ్ము మాంసంతో చేస్తే పీచుపీచుగా ఎండిపోతుంది. తొడ మాంసంతో, కాస్త కొవ్వు కలిపి చేసిన చోట తినండి.

బావ్ రెండు రకాలుగా దొరుకుతుంది. టిరెట్టా బజార్‌లో పెద్దగా, నున్నగా, పైన ముడితో ఉంటుంది. హోటళ్ళలో చార్ సియూ బావ్ చిన్నగా, పైన మూడు నాలుగు రేకులుగా పగిలి, లోపలి తీపి ఎర్ర మాంసం కనపడుతూ ఉండాలి. ఆ పగులు అలంకారానికి పెట్టింది కాదు. తక్కువ జిగురున్న పిండిలో బేకింగ్ పౌడర్ వేసి, గట్టి ఆవిరి మీద పెడితే ఒక్కసారి పొంగి పగులుతుంది. పగలకుండా ముడుచుకుపోయి ఉంటే ఆవిరి చాలలేదు, లేదా మధ్యలో మూత తీశారు. మీద పసుపు చుక్కలుంటే పొంగే పొడి పిండిలో కరగలేదు. పైన తడి మచ్చలు, అక్కడక్కడా గుంటలు పడి ఉంటే మూత నుంచి నీళ్ళు కారాయి. వెదురు బుట్ట వాడేది అందుకే, అది ఆ చెమ్మను పీల్చుకుంటుంది. పళ్ళకు అంటుకునే బన్ను పిండి సరిగ్గా పులవనిది.

చోంగ్ ఫన్ వస్తే రేకు ఎంత పల్చగా ఉందో చూడండి. లోపలి రొయ్య రంగు లీలగా కనపడాలి, సోయా రసం వడ్డించేటప్పుడే పైన పొయ్యాలి. మందంగా, విరిగే రేకు అయితే సరిగ్గా చెయ్యలేదు. కోడి కాళ్ళు ఇష్టమున్నవాళ్ళకు ఒక మాట: అవి నూనెలో వేయించి, నీళ్ళలో నానబెట్టి, మసాలాలో ఉడికించి, మళ్ళీ ఆవిరి పడతారు. చర్మం ఉబ్బి, ఎముక నుంచి ఊడి రావాలి. పని ఎక్కువ కాబట్టి, మెనూలో అవి ఉంటే మిగతావీ శ్రద్ధగా చేస్తారని నమ్మవచ్చు.

ప్యాకెట్టు సరుకును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బుట్టలో నాలుగూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి, మడతల మీద చిన్న బీటలు కనపడతాయి, కొరికితే లోపల నీళ్ళు వదిలి ఉంటుంది. చేత్తో ముడిచినవాటిలో ఒకదానికి ఒకటి కాస్త తేడా ఉంటుంది.

శాకాహారులకు, పంది మాంసం తిననివాళ్ళకు

పేరు చూసి మోసపోయేవి కొన్నున్నాయి. ముల్లంగి కేకు అంటే ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాల్చేది. పేరులో ముల్లంగే ఉన్నా అందులో ఎండు రొయ్యలు, పంది సాసేజ్ వెయ్యడం మామూలు. తామరాకులో చుట్టిన జిగురు బియ్యంలో కోడి, సాసేజ్ ఉంటాయి. వంకాయ, బెండ ముక్కల్లో కూడా రొయ్యల ముద్ద కూరుతారు. హార్ గావ్‌లో పంది కొవ్వు సంగతి పైనే చెప్పాను. కూరగాయల ముద్దలో ఆయిస్టర్ సాస్ పడితే అది సముద్రపు ఆల్చిప్పలతో చేసింది. కొన్ని బేకరీ రకాల పొరల్లో కూడా పంది కొవ్వు వాడతారు. ఇంట్లో నియమం పాటించే పెద్దవాళ్ళు వెంట ఉంటే ‘వెజ్ ఉందా’ అని అడిగి ఊరుకోవద్దు. లోపల ఏ సాస్ వేస్తారు, ఏ కొవ్వు వాడతారు, బుట్టలు వేరా అని విడివిడిగా అడగండి. ఒకే గిన్నె మీద బుట్టలు దొంతరగా పెడితే పై బుట్ట రసం కింది బుట్టలో కారుతుంది. జవాబు తేలకపోతే ఆ పెద్దవాళ్ళకు టిరెట్టా బజార్ తగిన చోటు కాదు, పుట్టగొడుగుల, మొక్కజొన్న ముద్దలు విడిగా చేసే హోటలుకే తీసుకెళ్ళండి. రొయ్యలు పడనివాళ్ళు డిమ్ సమ్ పూర్తిగా మానుకోవడమే క్షేమం, చాలా రకాల్లో ఎక్కడో ఒకచోట అవి ఉంటాయి.

ఎంత చెప్పాలి, ఎలా తినాలి

బుట్టకు మూడు నాలుగు ముక్కలు వస్తాయి. నలుగురికి ఎనిమిది నుంచి పది బుట్టలు సరిపోతాయి. అన్నీ ఒకేసారి చెప్పకుండా మూడేసి, నాలుగేసి చెప్పండి, లేకపోతే బల్ల మీద సగం చల్లారిపోతాయి. ఆవిరి రకాలు ముందు, వేయించినవి తర్వాత, గుడ్డు టార్ట్ లాంటి తీపి చివర. నలుగురున్నప్పుడు మూడు ముక్కల బుట్ట వస్తే ఇంకో ముక్క కలపమని అడగవచ్చు, చాలాచోట్ల కలుపుతారు.

టీ తప్పనిసరి. పాలు, చక్కెర లేని మల్లె టీ గాని, నల్లటి పూ-ఎర్ గాని కొవ్వును కోస్తుంది. కూల్‌డ్రింకుతో తింటే నాలుగో బుట్టకే మొహం మొత్తుతుంది. కెటిల్ ఖాళీ అయితే మూత పక్కకు జరిపి పెట్టండి, అలవాటున్న చోట అది చూసి మళ్ళీ నీళ్ళు పోస్తారు. మొదటి ముక్క ఏ సాసూ తగలకుండా తినండి. మోమో అలవాటులో ప్రతిదాన్నీ ఎర్ర చట్నీలో ముంచేస్తే రొయ్య మంచిదో కాదో తెలిసే అవకాశమే ఉండదు. రెండో ముక్కకు మిరప నూనె ఒక చుక్క చాలు.

ఇంటికి ఏమి తేవచ్చు

సాయంత్రం బండికే తిరిగొస్తుంటే సరుకు ఎంచుకోవడం ముఖ్యం. హార్ గావ్, చోంగ్ ఫన్ ప్రయాణానికి పనికిరావు, మళ్ళీ ఆవిరి పట్టినా పొర కోలుకోదు. బావ్ వస్తుంది. పూర్తిగా చల్లారనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే చెమ్మ పట్టి బంకగా అవుతుంది. మాంసం ఉన్నది కాబట్టి ఎండాకాలంలో రాత్రంతా బోగీలో ఉంచవద్దు. చలికాలమైనా ఐసు ప్యాకెట్లున్న సంచిలోనే తేవాలి, ఇంటికి రాగానే గట్టి ఆవిరి మీద లోపలి దాకా పొగలు వచ్చేలా వేడి చేసి తినెయ్యాలి. ఎండబెట్టిన చైనా సాసేజ్ అన్నిటికంటే సులువు. పావుకిలో తెస్తే అన్నం ఉడికేటప్పుడు పైన పెట్టి ఆవిరి పట్టి, పల్చగా కోసుకుని చాలా పూటలు తినవచ్చు. టిరెట్టా బజార్ సందుల్లో దొరికే పౌ చాంగ్ వాళ్ళ పచ్చిమిరప సాసు, సోయా సాసు నగరంలో పాతకాలం నుంచి పేరున్నవి. సీసాలను బట్టల మధ్య నిలువుగా పెట్టండి, మూత చుట్టూ టేపు వెయ్యండి. పడుకోబెడితే బాలాసోర్ రాకముందే సంచంతా సోయా వాసన వస్తుంది.